చింగ్‌మింగ్ నాడు

"ఇది మీ అమ్మగారి సమాధేనా?"

షికాగో శివారు శ్మశానంలో రాతిమీది నాచు తోముతున్న లీ వెన్‌ని అడిగింది దేదీప్య. ఇద్దరిదీ ఒకే ఆఫీసు. పెద్దల సమాధులు శుభ్రం చేసే చైనా పండగ చూద్దువుగాని రమ్మని వెనే ఆమెను తీసుకొచ్చింది.

"కాదు. అమ్మది చైనాలో, సుజౌలో. వెళ్తే తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ పడదేమోనన్న భయంతో ఇన్నేళ్లూ వెళ్లలేకపోయాను."

"మరి ఇదెవరిది?"

"తెలీదు. ఎవరూ రావట్లేదని గడ్డి చూస్తే అర్థమైంది. అక్కడ అమ్మ దగ్గర కూడా ఎవరో ఒకరు ఇలా ఆగుతారని ఆశ."

దేదీప్యదీ అదే భయం. ఇప్పుడు దేశం దాటితే తిరిగి రావడం కష్టమని లాయర్ చెప్పడంతో, పోయిన నెల అక్క అంత్యక్రియలు ఫోన్‌లోనే చూసింది. ఆఫీస్ కాల్‌లా మ్యూట్‌లో పెట్టుకుని చూసింది. మర్నాడు మామూలుగా డ్యూటీకి వెళ్లింది.

పక్క సమాధిని తీగలు కప్పేశాయి. ఆమె మోకాళ్లమీద కూర్చుని వాటిని పీకేసింది. చైనా అక్షరాలు బయటపడ్డాయి.

"వెన్, ఈ పేరెలా చదవాలి?"

"మెయ్‌లాన్. చిన్న వయసులోనే పోయింది, పాపం."

"మెయ్‌లాన్," అంటూ దేదీప్య ఆ రాతిని అరచేత్తో తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ, "అక్కా!" అని గొంతెత్తి ఏడ్చింది.