యాభై ఎనిమిదో నంబరు సైకిలు

తన సైకిలును తానే దొంగిలించడానికి ఓలిందో ఆదివారం ఉదయాన్ని ఎంచుకున్నాడు. ఊరంతా చర్చిలో ఉన్న వేళ, తన మాంసం కొట్టు వెనక నుంచి దాన్ని నడిపించుకుంటూ వెళ్ళి బ్రెంటా నదిలోకి తోసేశాడు. అది బుడగలు వదులుతూ మునిగిపోతుంటే నడుము నొప్పి అప్పుడే సగం తగ్గినట్టనిపించింది.

తప్పంతా ఫ్రేము సైజుది. మా సైకిలు క్లబ్బులో మనిషి వయసు ఎవరూ అడగరు, ఫ్రేము సైజే చూస్తారు. పొడుగు కాళ్ళకు యాభై ఎనిమిది సెంటీమీటర్లు, పొట్టి కాళ్ళకు యాభై నాలుగు. ఫ్రేములు చేసే ముసలి గెదియోనె ఆ అంకెను సీటు కింది గొట్టం మీద ఎర్రగా రాస్తాడు కాబట్టి దాచడం కుదరదు. మా అందరివీ యాభై ఎనిమిదే, నాది కూడా. ఓలిందో కాళ్ళు చూస్తే పొట్టివి. అయినా టేపు తీయబోయిన గెదియోనెను ఆపి, తనకూ యాభై ఎనిమిదే కావాలన్నాడు. ఆ అంకె పరువు పోకుండా సీటు కూడా బాగా పైకి లేపి బిగించుకున్నాడు.

అప్పటినుంచి నడుము నొప్పి, మెడ పట్టేయడం, చేతులు తిమ్మిరెక్కడం. సైకిలు దిగి ఇంట్లోకి వస్తుంటే భార్య దెల్ఫీనా, వస్తున్నది తన తండ్రేమో అనుకున్నానని ఎగతాళి చేసేది. చిన్న సైజుకు మారితే క్లబ్బులో తలెత్తుకోలేడు. దొంగ ఎత్తుకుపోతే మాత్రం, కొత్తది అంకె లేకుండా చేయించుకోవచ్చు.

చర్చి వదిలాక బార్‌లో ఓలిందో కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. దొంగ కాళ్ళు విరగ్గొడతానని మా క్లబ్బులోని ఫెర్మో శపథం చేశాడు. మా పోలీసు అధికారి కూడా క్లబ్బువాడే, వెంటనే పొరుగూరి వాళ్ళను అనుమానించాడు. మేమంతా కలిసి పాపం ఓలిందోకు సారా పోయించాం.

మర్నాడు అతను గెదియోనె దుకాణంలోకి వెళ్ళి తలుపు వేశాడు.

"మాస్టారూ, ఈసారి యాభై నాలుగు చేసిపెట్టండి. అంకె మాత్రం రాయొద్దు. ఆ పెద్ద ఫ్రేముతో నా నడుం విరిగిపోయింది."

ముసలాయన కళ్ళజోడు తీసి అతన్ని తేరిపార చూశాడు.

"నడుం విరిచింది ఫ్రేము కాదురా, నిచ్చెనేసుకుని ఎక్కాల్సిన ఆ సీటు. కాస్త దించుకుంటే పోయేది."

"మరి సైజు?"

"కాదంటే పక్క ఊరి కొట్టుకి పోతావు కదా. అందుకే నువ్వు అడిగింది గొట్టం మీద రాశాను, నీ కాళ్ళకి పట్టేది చేశాను. మీ క్లబ్బులో ఉన్న యాభై ఎనిమిదులన్నీ యాభై నాలుగులేరా."