కొమురవ్వ చెవి

మిషన్ ఎనభై రెండు చూపిస్తోందని నర్సు సంగీత ఫోన్‌లో చెప్పగానే, ఆపరేషన్‌కు సిద్ధం చేయమంది డాక్టరమ్మ. కడుపులో బిడ్డ గుండె నిమిషానికి నూటపది కంటే తగ్గకూడదు మరి.

కరోనా రెండో విడత రోజులు. ఖటోదరా అనే ఆ గుజరాతీ పేటలోని నర్సింగ్ హోమ్‌లో కాన్పుకొచ్చిన మనిషికి ఒక్కరినే తోడు రానిస్తున్నారు. హారతికి తోడుగా అత్త కొమురవ్వ వచ్చింది. కరెంటు సాంచెల మీద బట్ట నేసే హారతి మొగుడు మల్లేష్ గేటు బయటే ఆగిపోయాడు. తెలుగు తెలిసిన నర్సు తనొక్కతే కావడంతో ముసలమ్మ సంగీత నెత్తిన పడింది.

పొద్దుటి నుంచీ ఏం చెప్పినా ఆవిడ పలకదు. సంగీత మాస్కు వంక ఓ చూపు చూసి ఊరుకుంటుంది. ఊళ్లో అరవై కాన్పులు చేసిందట, అందుకే ఇంత పొగరు అనుకుంది సంగీత.

ఇప్పుడూ అంతే. పక్కకు జరగమని రెండుసార్లు చెప్పినా జరగలేదు. కోడలి మణికట్టు పట్టుకుని, మిషన్ మీద గుండె కొట్టుకున్న ప్రతిసారీ మిణుకుమంటున్న ఎర్రలైటునే చూస్తూ నిలబడింది. తర్వాత తాపీగా వంగి, కోడలి కడుపుకు చెవి ఆనించింది. అప్పుడే వచ్చిన డాక్టరమ్మ ఏమిటీ నాటకమని గుజరాతీలో కసిరింది. ముసలమ్మ తల కూడా ఎత్తలేదు.

"గీ మిషన్ తల్లి గుండెను లెక్కవెడుతున్నది బిడ్డా. లోపలిది మంచిగనే కొట్టుకుంటున్నది. జర కిందికి వెట్టి సూడు."

డాక్టరమ్మ చిరాగ్గానే హారతి నాడి పట్టి లెక్కపెట్టింది. సరిగ్గా ఎనభై రెండు. ముఖానికి మాస్కు ఉన్నందుకు ఆమె ఆ ఒక్క పూటకు కరోనాను క్షమించే ఉంటుంది. కడుపు మీది మిషన్ బెల్టును నాలుగు వేళ్లు కిందికి జరపగానే మిషన్ టకటకమంటూ నూట నలభై ఆరు చూపించింది.

ఆపరేషన్ ఆగింది. ఈసారి మిషన్‌తోపాటు తల్లి నాడినీ చూస్తూ కూర్చుంది సంగీత. మధ్యాహ్నం మూడింటికి ఆడపిల్ల పుట్టి, పుట్టీపుట్టగానే అందరినీ తిట్టినట్టు ఏడ్చింది.

లోపల గుండె చప్పుడు ఎలా పోల్చావని సంగీత అడిగితే, కొమురవ్వ మళ్లీ మాస్కు వంక చూసి ఊరుకుంది. ఈసారి సంగీతకు అది పొగరులా కాక పెద్దరికంలా కనిపించింది. ఆ సంబరంలోనే గేటు దాకా వెళ్లి మల్లేష్‌కు కబురు చెప్పింది.

"మిషన్ పట్టలేనిది మీ అమ్మ చెవి పట్టింది తెలుసా?"

మల్లేష్ బుర్ర గోక్కున్నాడు.

"సాంచెల మోతకు అమ్మ రెండు చెవులూ పోయి పదేండ్లాయె, సిస్టర్."