ఏడో తోటకు దారి

“ఏ హాలుకండీ?”

“వేరుకుళ్లు.”

“వేరే హాలా? అయితే కుడివైపు వెళ్లండి.”

వ్యవసాయ సదస్సులో పేర్లు రాసుకునే బల్ల దగ్గరామె చెవికి అలా వినబడింది. దాంతో నారింజ చెట్ల వేరుకుళ్లు తెగులు గురించి వినడానికొచ్చిన పెద్దాయన, పాపం, బంగాళాదుంపల తెగుళ్ల హాల్లో ఇరవై నిమిషాలు కూర్చున్నాడు. తెర మీద దుంప తర్వాత దుంప. ఒక్క చెట్టూ లేదు. చివరికి లేచొచ్చి, వరండాలో టీ తాగుతున్న ఓ పరిశోధక విద్యార్థిని పట్టుకున్నాడు.

ఆ విద్యార్థికి తోటివాళ్లు పెట్టిన పేరు కుళ్లుజోకు.

“సరైనవాణ్ణే అడిగారు. కుళ్లు ఎక్కడుంటే నేనక్కడుంటాను. ఇంతకీ తమరు?”

“ఏడో నంబరు తోట నాదే బాబూ.”

కుళ్లుజోకు నవ్వు ఆరిపోయింది. ఆ పరిశోధనలో ఉన్నవి ఏడు తోటలు. ఆరు సగం సగమైనా బతికాయి. ఏడోది మొత్తం పోయింది. మూడు వందల చెట్లు వేళ్లతో సహా పీకి కాల్చేశారు.

“మిమ్మల్ని రమ్మన్నారా అండీ?”

“రావద్దనే చెప్పారు. మనసొప్పక వచ్చాను. నా తోటకి ఆ రోగం ఎవరు తెచ్చారో ఇవాళ తేలుతుంది కదా. పక్కతోటాయనే ట్రాక్టరు చక్రాల మట్టితో తెచ్చాడని ఏడాదిగా ఆయనతో మాటల్లేవు. ముప్పై ఏళ్ల స్నేహం బాబూ.”

గొడవకే వచ్చాడనుకున్నాడు కుళ్లుజోకు. ఆయన్ని వెనక వరసలో కూర్చోబెట్టి వేదిక పక్కకి పరిగెత్తాడు.

అక్కడ తన వంతు కోసం నిలబడి ఉంది బూట్లమ్మ. ఆ పేరు పెట్టిందీ వీడే. ఏ తోటకి మట్టి నమూనాల కోసం వెళ్లినా, గేటు దగ్గర మందునీళ్ల తొట్టిలో బూట్లు ముంచందే ఎవర్నీ అడుగు పెట్టనిచ్చేది కాదు. ఓసారి సాక్షాత్తూ ప్రొఫెసరు గారినే ఎండలో నిలబెట్టింది. మందు పడితేగానీ లోపలికి రానివ్వని గేటు ఇదొక్కటేనని అప్పట్లో వీడు వేసిన జోకు.

ఇప్పుడు జోకు లేదు.

“ఏడో తోటాయన వచ్చాడు. వెనక వరస. ఆ తోటకి రోగం వచ్చిన ‘దారి తెలియలేదు’ అని రాసుకున్నావుగా, అదే చదివేసి దిగిపో. ఉత్తమ ప్రసంగం బహుమతి నీదే.”

బూట్లమ్మ వెనక వరస వైపు చూసింది.

“ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు,” అంది. అంతే.

ఎనిమిది నిమిషాలు తడుముకోకుండా మాట్లాడింది. ఆరు తోటలకీ కాలువే దారి. పై తోట రోగం కింది తోటకి నీళ్లతో దిగింది. తర్వాత ఏడో తోట పటం వచ్చింది. ఎండిన చెట్టుకో ఎర్ర చుక్క, పక్కనే ఎండిన తేదీ. అడుగున, ‘దారి తెలియలేదు’.

ముందు వరసలో న్యాయనిర్ణేత కళ్లజోడు సర్దుకుంది.

“ఏడో తోట కాలువకి ఎగువన ఉంది. నీళ్లు పైకెక్కవు. గేటు వైపు చెట్లు ఆఖర్న పోయాయి. ట్రాక్టరు తిరిగిన గట్టు వైపూ అంతే. మొదట ఎండింది పెరటి గుమ్మం పక్క చెట్టు. రోగం వంటింటి వైపు నుంచి రావడమేమిటమ్మా?”

హాలంతా నవ్వింది. బూట్లమ్మ నవ్వలేదు. తెర మీది అక్షరాల్ని ఒకసారి చూసింది.

“అది మూడో తోటలోని రోగమేనండీ. పరీక్షలో సరిగ్గా కలిసింది. బూట్ల మట్టితో వచ్చింది.”

“ఎవరి బూట్లు?”

కుళ్లుజోకు వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతున్నాడు.

వెనక వరసలో పెద్దాయన లేచాడు. మైకు అందించబోయారు. తీసుకోలేదు.

“అయితే పక్కతోటాయన కాదా అమ్మా?”

“కాదు.”

“మరెవరో చెప్పెయ్ తల్లీ. వాళ్లనేమీ అనను. ఆయన దగ్గరికెళ్లి చేతులు పట్టుకోవాలి నేను.”

బూట్లమ్మ కాగితాలు బల్ల మీద పెట్టేసింది.

“ఆ శనివారం మూడో తోటలో పని ముగించుకుని, ఇల్లే కదా అని బూట్లు ముంచకుండా పెరటి గుమ్మంలోంచి వచ్చేశాను, నాన్నా.”