అడుగుల అరిసెలు

వరాలు కాళ్లకుండే నడక తొడుగులు మరమ్మతుకు వెళ్లి మూడు రోజులైంది. అనకాపల్లిలో అందరిలాగే ఆమెకూ వాటిని పుట్టిన పదో నెలలోనే తొడిగారు. తుంటినీ మోకాలినీ చీలమండనీ ఆ యంత్రాలే ఆడిస్తాయి. ముప్ఫై నాలుగేళ్లుగా అవి నడుస్తుంటే, వాటిలో వరాలు నిలబడి ఉందంతే. ఇప్పుడు మంచం దగ్గర్నుంచి వంటింటికి పాక్కుంటూ పోతోంది.

"లే. గోడ పట్టుకో," అంది తల్లి సన్యాసమ్మ. తొడుగులు వాడుకలోకి రాకముందు పుట్టిన మనిషి ఆమె. "ముందు మడమ ఆనించు. మోకాలు మరీ బిగదియ్యకు. ఇప్పుడు పిక్క బిగించి బొటనవేలితో నేలను నెట్టు."

పిక్క పట్టేసి వరాలు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా కుడికాలు ముందుకు పడింది. గోడ వదిలేసిన సంగతి ఆమె గమనించేలోపే ఎడమకాలూ పడింది.

"కదలకు," అంటూ తల్లి వంటింట్లోకి పరిగెత్తింది. అరిటాకు తెచ్చి కూతురి ముందు పరిచి, వరసగా అరిసెలు పెట్టింది. నిన్న బియ్యం ఎందుకు నానబోసిందో వరాలుకి అప్పుడు తెలిసింది.

"వీటి మీద నడువు."

"చంటిపిల్లనా అమ్మా?"

"పిల్లలకు అడుగులొస్తే అరిసెలు వండేవాళ్లం. నీకు వండలేదు. అప్పుడు నడిచింది ఆ తొడుగు. దానికెందుకు వండుతాను?"

వెచ్చటి బెల్లం వరాలు అరికాళ్లకు అంటుకుంది.

తల్లి మిగతా అరిసెలు పట్టుకెళ్తే పక్కింటి ముసలావిడ తెల్లబోయింది. "ఎన్నాళ్లకు చూశాను! ఎవరికి అడుగులొచ్చాయి వదినా?"

"మా పాపకి," అంది సన్యాసమ్మ. "కాస్త ఆలస్యంగా వచ్చాయి."