వేలు వీరుడు

"మళ్ళీ గోతిలోకి దిగారా?" అంది భార్య, గట్టు మీద నిలబడి.

డ్రాయింగు మాస్టారు తలెత్తి చూశారు. నెత్తి నిండా మట్టి. "గొయ్యి కాదే, చరిత్ర."

"చరిత్రయితే చరిత్రే. కాళ్ళు కడుక్కుని లోపలికి రండి. ఇల్లు ఇప్పుడే తుడిచాను."

మాస్టారు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన మీద జోకులు వేసే శ్రమ పిల్లలకు పెద్దగా ఉండేది కాదు. ఆయనే వేసుకునేవారు. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. "బొమ్మలు రాక డ్రాయింగు మాస్టారినయ్యాను. ఇప్పుడు చరిత్ర రాక చరిత్రకారుణ్ణవుతున్నాను. నాకు నిజంగా వచ్చిన విద్య ఏదైనా ఉంటే, దాన్ని ఇంకా ఎవరూ కనిపెట్టలేదు" అనేవారు.

ఆయన్ని గోతిలోకి దించింది వీధి మలుపులో ఉన్న విగ్రహం. ఊరంతా దాన్ని వేలు వీరుడంటారు.

నిలువెత్తు సిమెంటు మనిషి. చెయ్యి చాచి, వీధి వెనకున్న ఖాళీ స్థలం వైపు వేలు చూపిస్తుంటాడు. ఒక కాలు ముందుకు పడి ఉంటుంది. కళ్ళు ఇంతింత. మొహంలో చెప్పలేనంత ఆత్రం. ఆయనెవరో, అక్కడ ఎవరు నిలబెట్టారో చెప్పేవాళ్ళు లేరు. ఒకప్పుడు ఇక్కడ పెద్ద మిల్లు ఉండేదట. అది మూతపడగానే ఊరు ఖాళీ అయింది. ఇప్పుడున్నవాళ్ళంతా ఆ తర్వాత వచ్చి చేరినవాళ్ళే.

తెలిసినవాళ్ళు లేని చోట కథలకు కొదవేముంది? శత్రువులు వస్తున్నారని కేకేసి ప్రాణం విడిచిన కాపలావాడన్నాడు మందుల షాపాయన. కాదు, లేచిపోయిన ప్రియురాలు అటే వెళ్ళిందని చూపిస్తున్నాడన్నాడు దర్జీ. పరీక్షలకు వెళ్ళే పిల్లలు ఆయన కాలి బొటనవేలు తాకి మరీ వెళ్ళేవారు. పాపం, ఆ వేలు అరిగి గోలీకాయలా నున్నబడింది.

మాస్టారిది మాత్రం వేరే వాదం. "నాకు మొహాలు గీయడం రాదు గానీ చదవడం వచ్చు. అది ప్రేమా కాదు, భయమూ కాదు. ఆపుకోలేని తపన! అక్కడేదో ఉంది."

అందుకే పలుగు పట్టారు. నడుం పట్టేసింది. చేతులు బొబ్బలెక్కాయి. పోయేవాళ్ళు "మాస్టారూ, లంకెబిందెలా?" అనడిగితే, "దొరికితే నీకు బిందె, నాకు లంకె" అనేవారు.

చివరికి దొరికాయి. బిందెలు కావు, ఇటుక గోడలు. వరసగా చిన్నచిన్న గదులు. కిటికీల్లేవు. ఒక్కో గదిలో ఒక్క మనిషి కూర్చోవచ్చు, రెండో మనిషికి చోటు లేదు.

మాస్టారికి నిద్ర పట్టలేదు. ఆలోచించగా ఆలోచించగా తట్టింది. భార్యను వంటింట్లోంచి లాక్కొచ్చి చెప్పారు. "యుద్ధానికి బయల్దేరే ముందు వీరులు ఒంటరిగా కూర్చుని, బరువు దించుకుని, తేలికపడి వెళ్ళే గదులే ఇవి!"

"ఒంటరిగా కూర్చునే గదులా? అలాంటిది మనింట్లో కూడా ఒకటి కట్టించండి. నేను కూర్చుంటాను" అందావిడ.

పేపర్లో పడింది. మున్సిపల్ చైర్మన్ స్వయంగా వచ్చారు. ఒక గదిలోకి దిగి, గొంతుక్కూర్చుని, కళ్ళు మూసుకుని ఫొటో తీయించుకున్నారు. "ఏదో శక్తి ఉంది మాస్టారూ ఇక్కడ" అన్నారు పైకొచ్చి. వీధికి వీరుల వీధి అని పేరు పెడతామన్నారు. మాస్టారికి సన్మానమన్నారు.

సన్మానం అనగానే మాస్టారికి గుర్తొచ్చింది మేనత్త. మిల్లు నడిచే రోజుల్లో ఆవిడ పుట్టి పెరిగింది ఈ వీధిలోనే. చిన్నప్పుడు తను గుర్రం బొమ్మ గీసి చూపిస్తే, "గాడిద బాగుందిరా" అన్న మనిషి. ఎనభై దాటినా ఆ నోరు అలాగే ఉంది. ఆ నోటికి జడిసే ఆయన ఇన్నాళ్ళూ విగ్రహం సంగతి ఆవిణ్ణి అడగలేదు. ఆవిడ నోట ఒక్క మంచి మాట వింటే చాలు, ఈ జన్మకు ఇంకే బిరుదూ అక్కర్లేదనుకున్నారాయన.

"అత్తయ్యా, మీ పాత వీధిలో గొప్ప చరిత్ర బయటపడింది. నేనే తవ్వాను. నువ్వు రావాలి" అని ఫోన్ చేశారు.

"నువ్వు తవ్వావా? పలుగు ఎటు పట్టుకోవాలో నీకెవరు చెప్పార్రా?" అంది. అన్నా, వచ్చింది.

కారు దిగుతూనే మలుపు దగ్గర ఆగిపోయింది. కర్ర ఎత్తి విగ్రహం వైపు చూపించింది. "ఒరేయ్ అబ్బాయ్, వీడింకా ఉన్నాడూ!"

చైర్మన్ చెవిన పడిందా మాట. "అమ్మగారికి వీరుడు తెలుసా?"

"తెలియకపోవడమేమిటి నాయనా! పొద్దున లేస్తే ముందు వీడి దగ్గరికే కదా పరుగెత్తేవాళ్ళం."

చైర్మన్ పొంగిపోయారు. ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని వేదిక మీదికి నడిపించారు. మైకు అందించారు. జనం సర్దుకుని కూర్చున్నారు.

"మా మేనల్లుణ్ణి చిన్నప్పుడు చాలా మాటలన్నాను" అంది మేనత్త. "ఎందుకూ పనికిరాడనుకున్నాను. వాడి కోసం ఇంతమంది వచ్చారంటే నా కడుపు నిండిపోయింది. ఈ వీధిలో మళ్ళీ నిలబడగలనని కల్లో కూడా అనుకోలేదు. ఆ పుణ్యం వాడిదే."

మాస్టారి కళ్ళు చెమ్మగిల్లాయి. పక్కనున్న భార్య, ఎప్పుడూ లేనిది, ఆయన భుజం మీది శాలువా సర్దింది.

చైర్మన్ చేతులు జోడించారు. "అమ్మా, ఊరంతా ఎదురు చూస్తోంది. ఆ మహానుభావుడెవరో మీ నోటితోనే చెప్పండి."

మేనత్త విగ్రహం వైపు చూసి మురిపెంగా నవ్వింది.

"మహానుభావుడేమిటి నాయనా, మిల్లువాళ్ళు ఈ వెనకాల పాయిఖానాలు కట్టించినప్పుడు, అవి ఎటున్నాయో జనానికి తెలియాలని నిలబెట్టిన బొమ్మ కదూ వీడు!"