ప్రపంచానికి తార్నాక సలహాలు

“మనిషిని చూపించమ్మా,” అన్నారు నవతతో ఆమె గైడ్ కరుణాకర్ సార్. “అంతర్జాతీయ సంస్థలు వెబ్‌సైట్లలో సలహాల పెట్టెలు పెట్టి సామాన్యుడికి తలుపులు తెరిచాయని రాశావు. మరి లోపలికెళ్లిన సామాన్యుడేడి? ఒక్కరినైనా కలిసి మాట్లాడు. లేదంటే ఈ అధ్యాయం తీసేయాల్సిందే.”

సార్ మీద కోపం తెచ్చుకోవడం కష్టం. విద్యార్థులు ఎంత నసిగినా ఓపిగ్గా వింటారని క్యాంపస్ అంతా ఆయనకు పేరు. కానీ అధ్యాయం పోతే నవత పీహెచ్‌డీ మరో ఏడాది వెనక్కి పోతుంది. ఫెలోషిప్పేమో ఈ నెలతో ఆఖరు.

లైబ్రరీలో కూర్చుని ఓ ప్రపంచ సంస్థ వెబ్‌సైటంతా గాలించింది. సలహాలన్నీ కంపెనీలవే. విసిగి లేవబోతుంటే ఓ పేరు కనిపించింది: రూతు, రిటైర్డ్ టీచర్, తార్నాక. సముద్రాల కాలుష్యం, విమానాల చప్పుడు, టీకాలు, దేన్నీ వదల్లేదావిడ. ప్రతి సలహా కిందా ఉత్తరం రాసినట్టు సంతకం, ఫోన్ నంబరూ.

సాయంత్రానికి నవత తార్నాకలో ఆవిడ ఎదురుగా కూర్చుంది.

“గిన్ని ఎందుకు రాస్తున్నరు టీచర్?”

“ఇంట్లో వినేవాళ్లు లేక,” అంది రూతమ్మ పులిహోర వడ్డిస్తూ. “మా అల్లుడున్నాడు. నేను నోరు తెరిస్తే చాలు, ఫోను చెవిన పెట్టుకుంటాడు. ఓరోజు ‘ఏదున్నా దీంట్లో రాయండి అత్తయ్యగారూ, ప్రపంచం వింటుంది’ అని ఈ వెబ్‌సైటు చూపించి పోయాడు.”

“మరి వింటున్నరా?”

“‘మీ అభిప్రాయం మాకెంతో విలువైనది’ అని జవాబొస్తుంది. ప్రతిసారీ అదే ముక్క. పోన్లే, మా అల్లుడు అదీ అనడు.”

నవతకు నవ్వూ వచ్చింది, పాపమనీ అనిపించింది. రాత్రికి రాత్రే అధ్యాయం తిరగరాసి, పొద్దున్నే సార్ చేతిలో పెట్టింది. ఆయన చదివారు. ఓ పేజీ దగ్గర చాలాసేపు ఆగారు.

“బాగుంది. అధ్యాయం ఉంటుంది,” అన్నారు చివరికి. “ఆ అల్లుడి మీద రాసిన పేరా మాత్రం తీసెయ్.”

“అసలు పాయింటు అదే గద సార్. ఇంట్ల పెద్దామె మాట వినలేక ప్రపంచం మీదికి తోలిండు. ఎవరోగానీ, ఆయన పుణ్యాననే నాకు మనిషి దొరికింది.”

కరుణాకర్ సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

“ఆ అల్లుణ్ని నేనే.”