రేపటి నుంచి రాను

ఆయన టై ముడి బిగించుకుంటూ వచ్చేసరికి, ఆమె ‘ఈ కౌంటర్ మూసి ఉంది’ అన్న అట్టముక్క నిలబెట్టేసి, చేతులు కట్టుకుని ఎదురుచూస్తోంది.

“మేనేజర్ గారూ, మీతో ఒక మాట చెప్పాలి.”

“చెప్పమ్మా.”

“రేపటి నుంచి నేను పనిలోకి రాను.”

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

బేరాల్లేని మధ్యాహ్నం. కిటికీలోంచి ఎండ కౌంటర్ బల్ల మీద పడుతోంది. సబ్బులు, పప్పు పొట్లాలు, టీపొడి డబ్బాలు, అన్నీ పేరున్న వైపు బయటికి కనిపించేలా సర్ది ఉన్నాయి. ఆమె సర్దితే అంతే, ఒక్కటీ వంకరగా ఉండదు. స్కానర్ పాడై చాలాకాలమైంది. వస్తువు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆమే నోటితో ‘టిక్’ అంటుంది.

“ఏమైందమ్మా? ఎవరైనా ఏమైనా అన్నారా?”

“అబ్బే, అదేం లేదు సార్. సొంతంగా పెట్టుకుంటున్నా. వీడియోల వ్యాపారం.” తలుపు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. “ఇన్నేళ్ళు ఇక్కడ కూర్చుని జనం ఏం కొంటున్నారో చూశాను కదా. సగం అనవసరం. చవకని పెద్ద డబ్బా కొంటారు, పురుగు పట్టించి పారబోస్తారు. ఏది కొనకూడదో నేను ఫోన్లో చెప్తా. ఛానెల్ పేరు ‘కొనకండమ్మా’. బావుందా?”

“బావుంది. మన షాపు మూతపడుతుంది.”

“అందుకేగా మానేస్తున్నా. మీ జీతం తీసుకుంటూ మీ సరుకే కొనొద్దంటే ఏం మర్యాద?”

“మరి డబ్బెలా వస్తుంది?”

“జనం చూస్తే ప్రకటనలు వాటంతటవే వస్తాయి సార్. అన్నీ ఆలోచించే ఉన్నా. స్నానాలగదిలో అద్దం ముందు మాట్లాడి మాట్లాడి గొంతు పోయింది. పక్కింటావిడ పరిగెత్తుకొచ్చి, ఎవరితో పోట్లాట అని అడిగింది.”

ఆయనకు నవ్వొచ్చింది. పెదవి కొరికి ఆపుకున్నాడు.

“మీ ఆయనకి చెప్పావా?”

ఆమె ముఖంలో వెలుగు కాస్త తగ్గింది. సరిగానే ఉన్న సబ్బును మళ్ళీ సర్దింది.

“ఈ సాయంత్రం చెప్తా. మీరు మాత్రం ముందే చెప్పేయకండి.”

“చెప్పను. కోప్పడతాడని భయమా?”

“కోప్పడితే పర్లేదు, నేనూ నాలుగు అంటాను. నవ్వుతాడేమోనని సార్. నవ్వాడంటే ఇంక నా వల్ల కాదు. ఈ జన్మలో ఆ మాట ఎత్తను.”

“నవ్వడమ్మా.”

“మా ఆయన సంగతి మీకేం తెలుసు? మీరంటే తల నెరిసిన పెద్దమనిషి, కుదురుగా వింటున్నారు. ఆయనింకా కుర్రాడు. ప్రతిదీ వేళాకోళమే.” తల కాస్త పక్కకి వంచి ఆయన్ని చూసింది. “మీ ఇంట్లో ఆవిడ ఇలాగే అడిగితే మీరేమంటారు?”

ఆయన నేలచూపులు చూశాడు.

“అడిగింది ఒకసారి.”

“ఏమన్నారు?”

“నవ్వాను. నీ మొహం ఎవరు చూస్తారే అన్నాను.”

“అయ్యో. తర్వాత?”

“మర్నాడు మామూలుగానే పనికెళ్ళింది. నాతో మళ్ళీ ఆ ఊసెత్తలేదు.”

ఆమెకు జాలేసింది. టీపొడి డబ్బా ఒకటి ఆయన ముందుకు జరిపింది, అది ఇస్తే ఆ బాధ తగ్గుతుందన్నట్టు.

“పోన్లెండి. ఈసారి అడిగితే సరే అనండి.”

“అంటానమ్మా. అడిగితే చాలు.”

“ఒకటి తీసి చూద్దామా సార్?” అంటూ ఆమె ఫోను అందించింది.

ఆయన రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆమె కొంగు సవరించుకుని, సబ్బులు ఎత్తి చూపించింది.

“అమ్మా, రెండు కొంటే ఒకటి ఉచితం అన్నారని మూడూ మోసుకెళ్ళకండి. మీ ఇంట్లో ఉన్నది ఇద్దరే. ముందు ఇంట్లో ఉన్నదాన్ని అరగదీయండి.”

ఒక్క మాట తడబడలేదు. మధ్యలో ఆగి ఎక్కడున్నానని చుట్టూ చూడలేదు. ఈ పూటకి అదే పదివేలు అనుకున్నాడాయన.

ఆమె షాపు వాళ్ళిచ్చిన నీలం కోటు విప్పి, మడత పెట్టి, మెడలోని గుర్తింపు కార్డు తీసి దాని మీద ఉంచి, ఆయన చేతుల్లో పెట్టింది.

“ఇన్నాళ్ళూ బాగా చూసుకున్నారు సార్. మీలాంటి మేనేజర్ దొరకడు.”

ఆయన కోటును ఆమె చేతికందే ఎత్తులో మేకుకు తగిలించాడు.

“వెళ్ళొస్తా సార్. మా ఆయన వచ్చే వేళయింది.”

“వెళ్ళమ్మా. ఆయన నవ్వడు. నాది హామీ.”

ఆమె ఫోను తీసుకుని, సంచి భుజాన వేసుకుని గది దాటింది.

ఆయన టై విప్పి జేబులో కుక్కుకుని, వంటింటి తలుపులోంచి బయటపడి, ఇంటి చుట్టూ తిరిగి వచ్చి, రోజూలాగే వీధి తలుపు బెల్లు నొక్కి, ‘సరే’ అన్న మాటను నాలుక చివర సిద్ధంగా పెట్టుకుని నిలబడితే, ఆ ఫోను ఇంకా చేతిలో పట్టుకునే తలుపు తీసిన ఆయన భార్య, ఎప్పుడూ ఎరగని మనిషిని చూసినట్టు చూసి, “ఎవరు కావాలండీ?” అంది.